పార్కు స్థలంలో కల్యాణ మండపం కడతామంటున్నారు. చెట్లకీ మనశ్శాంతికీ నిజంగా సంబంధం ఉందా?

రింగురోడ్డు_కోడలు (విజయనగరం)

అందరికీ నమస్కారం. మాది రింగురోడ్డు అవతల లేఅవుట్. పార్కు కోసమని అప్పట్లో వదిలిన స్థలం ఒకటి అలాగే ఉండిపోయింది. కంచె లేదు, బెంచీ లేదు. ఓ మూల పెద్ద కానుగ, దాని పక్కన రెండు వేపలు, మిగతాదంతా తుప్పలు, ప్లాస్టిక్ కవర్లు. వచ్చే ఆదివారం కాలనీ మీటింగులో అక్కడ కల్యాణ మండపం కట్టే సంగతి తేల్చేస్తారట. పెళ్లికీ పేరంటానికీ పనికొస్తుంది, పైగా అద్దె వస్తుందని చాలామంది హుషారుగా ఉన్నారు.

నా బెంగ వేరు. మామయ్యగారు పోయాక అత్తగారు ఊరి నుంచి మా దగ్గరికి వచ్చేశారు. రెండో అంతస్తులో ఇల్లు. పగలంతా టీవీ ముందు కూర్చోవడం, రాత్రి నిద్ర పట్టక అటూ ఇటూ తిరగడం. పలకరిస్తే 'బాగానే ఉన్నానమ్మా' అనేవారు, అంతే. ఆ కానుగ కింద ఇస్త్రీ బండి ఉంటుంది. ఒకరోజు బట్టలు ఇచ్చి రమ్మని పంపితే అక్కడ కూర్చునే ముసలమ్మలతో మాట కలిసింది. ఇప్పుడు నాలుగయ్యేసరికి చీర సర్దుకుని తయారు. అన్నం ఇంకొంచెం వడ్డించమని అడుగుతున్నారు. రాత్రి పడుకుంటున్నారు.

ఇది చెట్టు వల్లా, నలుగురి తోడు వల్లా? మీటింగులో లేచి మాట్లాడాలంటే 'మా అత్తగారికి బాగుంటోంది' అన్న ఒక్క ముక్క సరిపోదు కదా. తెలిసినవాళ్లు చెప్పండి.

పుస్తకాల_పురుగు (విజయనగరం)

అమ్మా, మీ స్థలానికి సరిగ్గా సరిపోయే పరిశోధన ఒకటుంది. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరంలో చేశారు, 2018లో అచ్చయింది. చెత్త పేరుకుపోయిన 541 ఖాళీ స్థలాలు తీసుకుని లాటరీ పద్ధతిలో మూడు గుంపులు చేశారు. ఒక గుంపులో చెత్త తీసి, నేల చదును చేసి, గడ్డి వేసి, కొద్దిపాటి చెట్లు నాటి, చుట్టూ పొట్టి చెక్క కంచె కట్టారు. రెండో గుంపులో చెత్త మాత్రం ఎత్తారు. మూడోదాన్ని ముట్టుకోలేదు. చుట్టుపక్కల ఉండే 342 మందిని ముందూ తర్వాతా ప్రశ్నలు అడిగారు. పచ్చగా మార్చిన స్థలాల దగ్గర 'దిగులుగా ఉంటోంది' అనేవాళ్లు, ఏమీ చెయ్యని చోట్లతో పోలిస్తే 41.5 శాతం తగ్గారు. పేదల వాడల్లో ఆ తగ్గుదల 68 శాతం. చెత్త ఎత్తి ఊరుకున్న చోట చెప్పుకోదగ్గ మార్పేమీ రాలేదు.

ఇందులో నాకు నచ్చింది లాటరీ. మామూలు సర్వేల్లో ఒక చిక్కుంటుంది. పార్కు పక్కన ఇల్లు కొనుక్కోగలిగినవాడికి డబ్బుంటుంది, డబ్బున్నవాడికి కొన్ని దిగుళ్లు తక్కువ. అప్పుడు మేలు చేసింది చెట్టా, డబ్బా అంటే చెప్పలేం. లాటరీ వేస్తే ఆ సందేహం చాలావరకు పోతుంది. పైగా వాళ్లు చేసిన పని చూడండి, ఫౌంటెన్లు పెట్టలేదు, బొమ్మలు పెట్టలేదు. మన కాలనీవాళ్లు చందా వేసుకుని చేసుకోగలిగినంతే.

కాలనీ_కమిటీ (విజయనగరం)

నేనూ అదే కాలనీ, అదే కమిటీ. మా వైపు మాట కూడా వినండి. మండపం అడుగుతున్నవాళ్లు చెట్లకి శత్రువులు కారు. ఊళ్లో ఫంక్షన్ హాలు అద్దె మధ్యతరగతివాడు మోయలేకపోతున్నాడు. ఓణీల ఫంక్షన్ అయినా, పెద్దకర్మ అయినా రోడ్డుకి అడ్డంగా టెంటు వెయ్యాల్సి వస్తోంది. దాని కోసం చేసే అప్పు కూడా టెన్షనే.

రెండో మాట. పార్కంటే ఎవరు చూస్తారు? మా పక్క కాలనీలో రంగులు వేసి, రిబ్బను కట్ చేసి పార్కు తెరిచారు. ఏడాది తిరక్కుండా ఉయ్యాల గొలుసులు పోయాయి, రాత్రయితే మందు సీసాలు. మా ఇంట్లో ఆడవాళ్లు అటువైపు నడవడం మానేశారు.

మూడోది. విజయనగరం దాటితే నాలుగు వైపులా పొలాలే. పచ్చదనం చూస్తే మనసు కుదుటపడుతుందంటే పల్లెల్లో దిగులే ఉండకూడదు. మరి ఉంటోంది కదా?

నాగావళి_ఒడ్డు (శ్రీకాకుళం)

అన్నగారూ, మూడో ప్రశ్న మంచిది. దానికి నేను జవాబిస్తాను, ఎందుకంటే మా నాన్న కౌలు రైతు. ఆయనకి వరిచేను కంటికి పచ్చగా కనిపించే వస్తువు కాదు, పని. ఆకు ఎర్రబడితే మందు ఖర్చు, వాన ఆలస్యమైతే అప్పు. చేను చూస్తున్నంతసేపూ బుర్రలో లెక్కలే తిరుగుతుంటాయి. అలాంటి మనిషి మధ్యాహ్నం గట్టు మీద చింతచెట్టు కింద తువ్వాలు పరుచుకుని నడుం వాల్చితే ముఖం వేరేలా ఉండేది. ఆ చెట్టు ఆయన్ని ఏమీ అడగదు. చేను అడుగుతుంది.

శ్రీకాకుళంలో నేను చూసేదీ ఇదే. పొద్దున్నే ఆర్ట్స్ కాలేజీ గ్రౌండుకి వెళ్తే డాక్టర్లు, ఆటోవాళ్లు, రిటైరైనవాళ్లు, కానిస్టేబుల్ పరీక్షకి పరిగెత్తే కుర్రాళ్లు, అందరూ ఒకే చోట. అక్కడున్న గంటసేపు ఎవడూ ఎవడికీ బాకీ లేడు.

పుస్తకాల_పురుగు

నాగావళి గారు చెప్పినదానికి మిషిగన్ యూనివర్సిటీలో పనిచేసిన రేచల్ కాప్లాన్, స్టీఫెన్ కాప్లాన్ దంపతుల వివరణ దగ్గరగా ఉంటుంది. లెక్కలు చూడటం, ట్రాఫిక్‌లో బండి నడపడం, ఫోన్లో మెసేజీలకి జవాబులివ్వడం, వీటన్నిటికీ మనసుని బలవంతాన ఒకచోట పట్టి ఉంచాలి. ఆ పట్టు అలసిపోతుంది. అలసిపోతే చిరాకు, మతిమరుపు, చిన్నదానికే కోపం. కదిలే ఆకులు, నీళ్ల మీద అలలు, మబ్బులు మన చూపుని లాగుతాయి గానీ బలవంతం చెయ్యవు. ఆ కాసేపట్లో అలసిన పట్టు తేరుకుంటుంది.

2015లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు 38 మందితో ఒక ప్రయోగం చేశారు. సగం మందిని గడ్డి, చెట్లు ఉన్న చోట, మిగతా సగాన్ని వాహనాలు తిరిగే రోడ్డు పక్కన తొంభై నిమిషాలు నడిపించారు. చెట్ల మధ్య నడిచినవాళ్లలో, జరిగిపోయినదాన్నే పదే పదే తవ్వుకుని కుమిలిపోవడం తగ్గింది. ఆ కుమిలిపోవడంతో ముడిపడిన మెదడు భాగంలో చురుకుదనం కూడా తగ్గినట్టు స్కాన్‌లో కనిపించింది. 38 మంది అంటే చిన్న గుంపే, దీన్నొక్కదాన్నే పట్టుకుని పెద్ద మాటలు చెప్పకూడదు. కానీ రాత్రంతా ఒకే ఆలోచన తిరిగే బాధ మీ అత్తగారి వయసువాళ్లకి, భర్త పోయినవాళ్లకి ఎంత ఉంటుందో మీకు తెలుసు.

గ్రూప్స్_అభ్యర్థి (విజయనగరం)

నేను మూడు లాంతర్ల దగ్గర రూములో ఉండి గ్రూప్స్‌కి చదువుతున్నాను. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. మధ్యాహ్నం రెండు దాటాక చదివిన లైనే మళ్లీ మళ్లీ చదువుతుంటాను. అప్పుడు పుస్తకం పక్కన పడేసి అయ్యకోనేరు గట్టు దాకా నడిచి వస్తాను. ఫోను రూములో వదిలేస్తాను. ఫోను ఉంటే గట్టు మీదున్నా రీల్స్ చూస్తూ కూర్చుంటాం, అది విశ్రాంతి కాదు. తిరిగొచ్చాక పాలిటీ బుర్రకెక్కుతుంది. నాకు సైన్సు తెలీదు సార్, అనుభవం చెప్పాను.

ఒక్క మాట. నాలాంటి రూముల్లో ఉండేవాళ్లు ఈ ఊళ్లో చాలామంది. మాకు ఇల్లూ లేదు, వాకిలీ లేదు. డబ్బు కట్టకుండా, 'ఏం కావాలి' అని ఎవరూ అడక్కుండా కూర్చోగలిగే చోటు చెట్టు కిందే. దయచేసి అది తీసెయ్యకండి.

రిటైర్డ్_మేస్టారు (విజయనగరం)

బాబూ, పరీక్ష బాగా రాయి.

కోడలమ్మా, చెట్టా తోడా అని అడిగారు. రెండూ అని నా ఉద్దేశం, విడదీయక్కర్లేదు కూడా. అదే నలుగురు ముసలమ్మలని ఎండలో నిలబెట్టండి, ఐదు నిమిషాలు నిలవరు. నీడ ఉంది కాబట్టి కూర్చున్నారు, కూర్చున్నారు కాబట్టి మాట కలిసింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిపోయాక మా వీధిలో ఇది కళ్లారా చూశాను. తురాయి చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. ఆ తర్వాతి వేసవి నుంచి సాయంత్రాలు అరుగుల మీద మనుషులు లేరు. తలుపులేసుకుని ఏసీ, కూలరు. ఎవరింట్లో ఎవరు మంచాన ఉన్నారో తెలియడం మానేసింది. చెట్టు పోయింది అనుకున్నాం, వీధి పోయింది. మళ్లీ నాటిన కానుగలు, వేపలు ఎదిగాక ఇప్పుడిప్పుడే కుర్చీలు బయటికొస్తున్నాయి.

పెద్ద చెరువు వైపు, కోట చుట్టూ నడిచేవాళ్లని చూడండి. సగం మంది నడక పేరు చెప్పి మాటల కోసం వస్తారు. అది తప్పు కాదు, మందు.

అరసవల్లి_అక్క (శ్రీకాకుళం)

కమిటీ అన్నగారు చెప్పిన రెండో మాటని ఎవరూ పట్టించుకోలేదు. మందు సీసాల సంగతి. నేను దాని గురించే మాట్లాడతాను.

మగవాళ్లు 'పార్కుకెళ్లి గాలి పీల్చుకో' అని తేలిగ్గా అంటారు. మాకు వంట, గిన్నెలు, పిల్లల హోంవర్కు అయ్యేసరికి ఏడున్నర. అప్పటికి పార్కులో దీపాలుండవు, లేదా గేటుకి తాళం. పొద్దున్నే వెళ్దామంటే క్యారేజీలు కట్టే వేళ. పైగా మరుగుదొడ్డి ఉండదు. షుగరు ఉన్న ఆడమనిషి అది లేని చోట అరగంట ఉండలేదు, ఈ మాట పైకి చెప్పుకోలేదు. చెయ్యెత్తు గోడ కట్టి, లోపల ఏం జరుగుతోందో రోడ్డు మీదకి కనపడకుండా చేస్తే అది సీసాలవాళ్లకే అనుకూలం. ఇందాక ఫిలడెల్ఫియాలో పొట్టి కంచె అన్నారు చూశారా, నాకు అది నచ్చింది.

నేను ఒక పార్కులో నడవడం మొదలుపెట్టి మానేశాను. నడిచినంతసేపూ వెనక ఎవరొస్తున్నారో చూసుకోవడమే అయితే అక్కడ ఎన్ని చెట్లుంటే ఏం లాభం? గుండె దడతో వెళ్లి దడతో తిరిగొచ్చేదాన్ని. ఇప్పుడు మా వీధి ఆడవాళ్లం ఆరుగురం కలిసి గుడి రోడ్డు మీద నడుస్తున్నాం. రోడ్డు మీద దుమ్ము ఉంది గానీ భయం లేదు.

అంచేత అమ్మా, మీటింగులో చెట్ల కంటే ముందు దీపం అడుగు. ఇస్త్రీ బండిని అక్కడి నుంచి కదపొద్దని కూడా అడుగు. పొద్దు పోయేదాకా ఒక మనిషి అక్కడ ఉంటున్నాడు కదా, మీ అత్తగారికి ఆ ధైర్యం తక్కువేం కాదు.

ఉద్దానం_బిడ్డ (శ్రీకాకుళం)

నాకు ఇందులో చెప్పాలనిపించింది వేరే. పచ్చదనం వల్ల మేలు గురించి అందరూ రాశారు. అది ఒక్కరాత్రిలో పోతే ఏమవుతుందో మేం చూశాం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస పక్కన తీరం దాటింది. తెల్లారాక మా కొబ్బరితోట చూస్తే ఆకాశం కనిపించింది. అప్పటిదాకా మా పెరట్లో నిలబడితే ఆకాశం ముక్కలు ముక్కలుగానే కనిపించేది. కొబ్బరి, పనస, జీడిమామిడి, అన్నీ నేల మీద. పరిహారం లెక్కలు వేసినవాళ్లు చెట్టుకి ఇంత అని రాసుకున్నారు. మా అమ్మ చాలాకాలం పెరటివైపు తలుపు తియ్యలేదు. కాపు పోయినందుకు ఒక బాధ, పెళ్లై వచ్చినప్పటి నుంచి ఏ చెట్టు నీడలో పొయ్యి పెట్టుకుందో అది లేకపోవడం ఇంకో బాధ. రెండో దానికి ఏ ఫారంలోనూ గడి లేదు.

ఇప్పుడు అమ్మ నాతో శ్రీకాకుళంలోనే ఉంటోంది. బాల్కనీలో బకెట్లలో మల్లె, కరివేపాకు, తులసి. పొద్దున లేవగానే వాటి దగ్గరికే. అంత చిన్న పచ్చదనం కూడా పనిచేస్తుందని చెప్పడానికి రాశాను.

వార్డు_సిస్టర్ (శ్రీకాకుళం)

ఉద్దానం తమ్ముడూ, అమ్మగారిని అడిగానని చెప్పు.

నేను ఆసుపత్రిలో పనిచేస్తాను, ఒక జాగ్రత్త చెప్పాలి. దిగులు, డిప్రెషన్ ఒకటి కాదు. రెండు వారాలు దాటి రోజంతా ఏడుపు రావడం, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోవడం, నిద్ర, ఆకలి తలకిందులవడం, 'నేను లేకపోతేనే మేలు' అనడం కనిపిస్తే 'పార్కుకి తీసుకెళ్లండి, సర్దుకుంటుంది' అనకండి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. జ్వరం వచ్చినవాడి గదిలో కిటికీ తెరిచి గాలి తగలనిస్తాం, అలాగని మాత్ర ఆపం. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వేలో పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. వాళ్లలో ఎక్కువమంది వైద్యం దాకా రావడం లేదు. టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఉచిత ఫోను సేవ ఉంది, నంబరు 14416. రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

కిటికీ అంటే గుర్తొచ్చింది. మా చదువులో రోజర్ ఉల్రిచ్ పరిశోధన చెప్పేవారు. పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మంది రికార్డులు చూశాడాయన. సగం మంది కిటికీలోంచి చెట్లు కనిపిస్తాయి, సగం మందికి ఇటుక గోడ. చెట్లు కనిపించినవాళ్లు కాస్త ముందే ఇంటికెళ్లారు, గట్టి నొప్పి మందులు తక్కువ వాడారు. 1984లో సైన్స్ పత్రికలో వచ్చింది. అప్పటి నుంచి మంచం మీదున్న రోగికి వీలైతే కిటికీవైపు తల తిప్పి పడుకోబెడతాను. ఖర్చు లేని పని కదా.

కాలనీ_కమిటీ

అందరివీ చదివాను. అరసవల్లి అక్కగారి మాట నిజం, మా ఆవిడకి చదివి వినిపిస్తే 'ఇదే కదా నేను చెప్పేది' అంది. కానీ మండపం అవసరం అబద్ధం కాదు. రెండూ కుదిరే దారి లేదా? సగం స్థలంలో హాలు, సగంలో చెట్లు?

బార్_రూం (విజయనగరం)

లాయరుగా చెప్తున్నాను, సగం హాలు అనే ముందు ఒక కాగితం చూడండి. మన రాష్ట్రంలో అప్రూవ్డ్ లేఅవుట్ అయితే మొత్తం విస్తీర్ణంలో కనీసం 10 శాతం ఖాళీ స్థలంగా వదలాలి. రోడ్లతో పాటు దాన్ని కూడా రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్ (దానపత్రం)తో స్థానిక సంస్థకి అప్పగిస్తారు. అంటే ఆ స్థలం మీ అసోసియేషన్‌ది కాదు. మీటింగులో చేతులెత్తి తీర్మానం చేసినంత మాత్రాన కట్టడానికి వీల్లేదు. అందరూ చందాలేసి స్లాబు వేశాక ఎవరైనా కోర్టుకెళ్తే ఆ డబ్బంతా పోతుంది.

సుప్రీంకోర్టు 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్టు కేసులో ఇలాంటిదే తేల్చింది. లేఅవుట్‌లో పార్కు కోసం ఉంచిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కి ఇస్తే చుట్టుపక్కల ఇళ్లవాళ్లు కోర్టుకెళ్లారు. ఆసుపత్రి లాంటి మంచి పనికైనా సరే పార్కు స్థలం ఇవ్వడం కుదరదంది కోర్టు. మండపం దాని ముందు నిలబడదు. ఇంకొకటి, 2002 నాటి వాల్టా (నీరు, నేల, చెట్ల రక్షణ) చట్టం ప్రకారం అనుమతి లేకుండా చెట్టు కొట్టకూడదు. కానుగ మీద గొడ్డలి పడేముందు అదీ గుర్తుంచుకోండి.

హాలు కావాలంటే కమ్యూనిటీ హాలు కోసం వేరే స్థలం అడుగుతూ విడిగా అర్జీ పెట్టండి. ఆ అర్జీ రాసివ్వడానికి నేను సిద్ధం, ఫీజు అక్కర్లేదు.

మొక్కల_బండి (విజయనగరం)

నాది నర్సరీ. పార్కు అని తేలితే ఏం నాటాలో చెప్తాను, ఎందుకంటే ఇక్కడే చాలామంది తప్పుదారి పడతారు. త్వరగా పచ్చగా కనిపించాలని కోనోకార్పస్ వరసగా వేసేస్తారు. పుప్పొడితో ఎలర్జీలు, వేళ్లు పైపుల్లో దూరడం అనే ఫిర్యాదులతో గుజరాత్ 2023లో దాన్ని నిషేధించింది. ఏడాకులపాల కూడా ఇళ్ల మధ్య వద్దు. పూసినప్పుడు దాని ఘాటు వాసనకి ఆయాసం ఉన్నవాళ్లు కిటికీలు తియ్యలేరు.

మీ కానుగని తక్కువగా చూడకండి. వేసవి ముదిరేలోపే పాతాకు రాల్చేసి లేతాకు తొడుగుతుంది. ఆ ఆకు నూనె రాసినట్టు మెరుస్తుంది. రోహిణి కార్తెలో అందరూ నీడ కోసం వెతికే వేళకి అది నిండుగా ఉంటుంది. పూతకొస్తే కింద నేలంతా లేత ఊదా, తెలుపు రేకులు, పైన తేనెటీగల రొద. దానికి తోడు ఒక నేరేడు, ఒక పొగడ, ఇంకో వేప చాలు. పొగడ నెమ్మదిగా పెరుగుతుంది, ఓపిక పట్టాలి. నేరేడు బెంచీలకి దూరంగా వెయ్యండి, పళ్లు రాలితే బట్టలు మరకలు. పిట్టలొస్తాయి.

పుస్తకాల_పురుగు

పిట్టలనగానే, లండన్ కింగ్స్ కాలేజీ వాళ్ల పరిశోధన ఒకటి 2022లో అచ్చయింది. 1,292 మంది ఫోన్లలో యాప్ పెట్టి రోజుకి కొన్నిసార్లు 'ఇప్పుడు పిట్ట కనిపించిందా, వినిపించిందా, మనసెలా ఉంది' అని అడిగారు. పిట్ట కనిపించినా వినిపించినా మనసు తేలికపడింది, డిప్రెషన్ ఉన్నవాళ్లలో కూడా. ఆ తేలిక కొన్ని గంటలు నిలిచింది.

ఎంతసేపు గడపాలి అన్నదానికి కూడా ఒక అంచనా ఉంది. ఇంగ్లండులో దాదాపు 20,000 మంది సర్వే సమాచారం చూసి 2019లో ప్రచురించారు. వారానికి 120 నిమిషాలు చెట్టూచేమల మధ్య గడిపినవాళ్లు ఆరోగ్యంగా, హాయిగా ఉన్నామని చెప్పే అవకాశం ఎక్కువగా కనిపించింది. ఒకేసారి రెండు గంటలైనా, రోజూ కాసేపైనా తేడా లేదు. రోజూ కాసేపు కావాలంటే చోటు నడిచి వెళ్లేంత దూరంలో ఉండాలి. నెలకోసారి రామతీర్థం వెళ్లి రావడం మంచిదే, కానీ మోకాళ్ల నొప్పులున్న మీ అత్తగారికి రోజూ అందేది వీధి చివరి కానుగే. కోనైనెన్‌డైక్ అనే నిపుణుడు 2021లో ఒక కొలత పెట్టాడు: ప్రతి ఇంటి నుంచీ కనీసం మూడు చెట్లు కనపడాలి, పేటలో 30 శాతం నేల చెట్ల నీడలో ఉండాలి, 300 మీటర్లలో పార్కు ఉండాలి. మీటింగులో ఈ మూడు అంకెలూ చెప్పి, మన కాలనీ ఎక్కడుందో చూడమనండి.

రింగురోడ్డు_కోడలు

అందరికీ పేరుపేరునా దండాలు. రాత్రి మా వారికి, అత్తగారికి మొత్తం చదివి వినిపించాను. అత్తగారు ఒకటే అన్నారు: "బెంచీ వేస్తే వీపు ఆనుకునేలా వెయ్యమను, కింద కూర్చుంటే లేవలేకపోతున్నాం." ఇది మాకెవరికీ తట్టలేదు.

మీటింగులో ఇలా అడుగుతాను. ముందు లేఅవుట్ ప్లాను తీసి చూద్దాం. హాలు కోసం విడిగా అర్జీ పెడదాం, ఆ అర్జీ మీద మొదటి సంతకం నాదే. ఈ స్థలంలో తుప్పలు కొట్టి, నడుమెత్తు కంచె, రెండు దీపాలు, వీపు ఆనే బెంచీలు నాలుగు, నేరేడు, పొగడ, వేప. గేటుకి తాళం వద్దు. ఇస్త్రీ బండి ఉన్నచోటే ఉండాలి. నీళ్లు పోసే వంతు ఇంటికో వారం, మొదటి వారం మాది.

కాలనీ_కమిటీ

అమ్మా, ప్లాను జిరాక్సు నా దగ్గరుంది, ఆదివారం తెస్తాను. బార్ రూం గారు చెప్పినట్టు గిఫ్ట్ డీడ్ ఉందో లేదో సోమవారం వాకబు చేస్తాను. అది తేలేదాకా మండపం చందా వసూలు ఆపమని ప్రెసిడెంటు గారికి ఇప్పుడే ఫోను చేశాను. ఒప్పుకున్నారు. దీపాల కోసం స్తంభం కూడా అడగాలి, దానికి ఓ పదిమంది సంతకాలు కావాలి. మీ వీధివి మీరు తీసుకోండి.

మొక్కల_బండి

స్థలం పొడవు వెడల్పు అడుగుల్లో కొలిచి ఇక్కడ రాయండి. పైన కరెంటు తీగలు ఎటువైపు పోతున్నాయో కూడా చెప్పాలి, నేరేడు వాటి కింద వెయ్యకూడదు. గోతులు ఇప్పుడే తీసి ఎండనిస్తే తొలకరికి నాటుకోవచ్చు.